చక్రవర్తి సంతకం పెట్టలేదు

1566లో బీజింగ్ నగరంలో, ఖజానా శాఖలో పనిచేసే ఒక ఆరో శ్రేణి అధికారి శవపేటిక కొనుక్కున్నాడు. ఇంట్లో ఎవరూ పోలేదు. పేటిక ఆయన కోసమే. ఇంటివాళ్ళకు చెప్పాల్సిన అప్పగింతలన్నీ చెప్పాడు. సంగతి పసిగట్టిన పనివాళ్ళు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. అప్పుడు, తాను రాసి ఉంచుకున్న విన్నపాన్ని చక్రవర్తికి పంపించి, తనను పట్టుకుపోయే భటుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆయన పేరు హై రుయ్. 1514లో చైనాకు దక్షిణపు కొసన ఉన్న హైనాన్ ద్వీపంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఒక్కతే పెంచింది, కఠినంగా పెంచింది. ప్రాంతీయ పరీక్ష గట్టెక్కాడు కానీ, రాజధానిలో జరిగే పెద్ద పరీక్ష ఆయన వల్ల కాలేదు. మింగ్ రాజుల కాలంలో ఆ పరీక్ష నెగ్గనివాడికి పెద్ద పదవులు దాదాపు అందవు. అందుకే నలభై ఏళ్ళ వయసులో ఫూజియన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో బడిపంతులుగా కొలువు మొదలుపెట్టాడు.

పై అధికారులు ఆ బడి చూడ్డానికి వచ్చారు. పక్కనున్న ఇద్దరు పంతుళ్ళు అటొకరూ ఇటొకరూ మోకాళ్ళ మీద పడ్డారు. మధ్యలో ఉన్న హై రుయ్ మాత్రం చేతులు జోడించి నిలబడే ఉన్నాడు. కచేరీలో అయితే మోకరిల్లుతాను గానీ, ఇది పిల్లలకు చదువు చెప్పే చోటు, ఇక్కడ గురువు మోకరిల్లకూడదు అన్నాడు. చైనాలో కుంచెలు ఆనించుకునే పీటకు నడిమి కొమ్ము ఎత్తుగా, పక్క కొమ్ములు పొట్టిగా ఉంటాయి. ఆ రోజు నుంచి జనం ఆయన్ని కుంచెపీట పంతులు అన్నారు.

1558లో జజియాంగ్ రాష్ట్రంలోని చున్‌ఆన్ అనే తాలూకాకు అధికారిగా వెళ్ళాడు. పేద తాలూకా. పైగా రాకపోకలున్న దారి మీద ఉంది. దారినపోయే ప్రతి పెద్దమనిషికీ విందులూ గుర్రాలూ కూలీలూ సమకూర్చడంలోనే అక్కడి రైతుల రక్తం ఇంకిపోయేది. ఒకసారి ఆ ప్రాంతం మొత్తాన్నీ ఏలుతున్న గవర్నర్ జనరల్ హూ జోంగ్‌షియన్ కొడుకు పరివారంతో అటుగా వచ్చాడు. మర్యాదలు చాలలేదని అలిగి, మజిలీ ఉద్యోగిని తలకిందులుగా వేలాడదీయించాడు. హై రుయ్ పరుగున వచ్చి బతిమాలతాడనే అందరూ అనుకున్నారు. ఆయన ఆ కుర్రాణ్ణి పట్టించాడు. సంచుల్లో ఉన్న వెండి అంతా లాక్కుని ఖజానాలో జమ వేశాడు. తర్వాత గవర్నర్ జనరల్‌కే ఉత్తరం రాశాడు: మజిలీల్లో దుబారా చేయరాదని తమరే కదా ఆజ్ఞ ఇచ్చారు, ఇంత ఆర్భాటంతో తిరిగేవాడు తమ కుమారుడు ఎలా అవుతాడు, తమ పేరు చెప్పుకుని తిరిగే దొంగ అయి ఉంటాడు, ఏం చేయమంటారు అని. హూ జోంగ్‌షియన్ కిక్కురుమనలేదు.

ఆ హూ జోంగ్‌షియనే మరోసారి, వింత కబురు చెబుతున్నట్టు, పదిమందిలో ఒక మాట అన్నాడట. చున్‌ఆన్ అధికారి తల్లి పుట్టినరోజుకని నిన్న రెండు జిన్‌ల మాంసం కొన్నాడట అని. రెండు జిన్‌లంటే కిలోకు కాస్త పైన. మిగతా రోజుల్లో హై రుయ్ ఇంట్లో వండుకునేది పెరట్లో పండిన కూరలే. తాలూకా అధికారి కిలో మాంసం కొనడం రాష్ట్రానికి వార్త అయిందంటే, ఆయన ఎలా బతికాడో, చుట్టూ ఉన్న మిగతా అధికారులు ఎలా బతికారో రెండూ తెలుస్తాయి.

ఈ మనిషి 1564లో బీజింగ్‌కు బదిలీ అయ్యాడు. చక్రవర్తి జ్యాజింగ్‌కు అప్పటికి నలభై ఏళ్ళ పాలన నిండింది. ఆయన తెలివితక్కువవాడు కాడు. కానీ ఎదురు చెబితే ఓర్చుకోలేడు. గద్దెనెక్కిన కొత్తలోనే, 1524లో, తన కన్నతండ్రికి చక్రవర్తి హోదా కట్టబెట్టడం శాస్త్రసమ్మతం కాదని అధికారులు కోట గుమ్మం దగ్గర మోకరిల్లి ఏడిస్తే, వంద మందికి పైగా కర్రలతో కొట్టించాడు. ఆ దెబ్బలకు పదిహేను మందికి పైగా చచ్చిపోయారు. 1542లో అంతఃపుర దాసీలు కొందరు నిద్రలో ఆయన మెడకు తాడు బిగించి చంపబోయారు. ముడి సరిగా పడక బతికాడు. అప్పటి నుంచి రాజమందిరం వదిలి పడమటి ఉద్యానంలోకి మకాం మార్చాడు. కొలువు తీర్చడం మానేశాడు. చావు లేని బతుకు కోసం తావో మత గురువులను చేరదీసి, హోమాలు చేయిస్తూ, పాదరసం కలిసిన గుళికలు మింగుతూ గడిపాడు. దేవతలకు పంపే ప్రార్థనలు ఆయన మెచ్చేలా రాయగలిగినవాళ్ళు మంత్రులయ్యారు. ఆయన్ను ప్రశ్నించినవాళ్ళు ఖైదుకు పోయారు, లేదా శ్మశానానికి పోయారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే వరస. చివరి రోజుల్లో ఇక నోరెత్తేవాడే మిగల్లేదు.

హై రుయ్ పని తప్పొప్పులు ఎత్తిచూపడం కాదు. అందుకు వేరే తనిఖీ అధికారులు ఉన్నారు, జీతాలు తీసుకుంటున్నారు, నోరు మూసుకున్నారు. లెక్కలు చూసుకునే ఈ చిన్న అధికారి రాశాడు.

ఏం రాశాడంటే: పూర్వం ఎంతమంది పుణ్యచరితులైన రాజులున్నారు, వాళ్ళలో ఒక్కడైనా ఇవాళ బతికి ఉన్నాడా? తమకు చిరాయువు విద్య నేర్పిన గురువు తావో జోంగ్‌వెన్ తానే చచ్చిపోయాడు కదా, ఆయనకే దొరకనిది తమకెలా దొరుకుతుంది? ఆకాశం నుంచి తమకు దివ్యఫలాలూ దివ్యౌషధాలూ దిగివచ్చాయంటున్నారు. పండు ఎవరో కోస్తేనే వస్తుంది, మందు ఎవరో నూరితేనే తయారవుతుంది, వాటికేమైనా కాళ్ళున్నాయా నడిచిరావడానికి? దేవుడే ఇచ్చాడంటే చేత్తో అందించాడా? తమరు కొడుకుల ముఖం చూడరు, కాబట్టి తండ్రిగా తప్పారు. అనుమానంతో ఉద్యోగులను అవమానిస్తారు, కాబట్టి ప్రభువుగా తప్పారు. ఉద్యానం వదిలి అంతఃపురానికి రారు, కాబట్టి భర్తగా తప్పారు. అధికారులు లంచాలు మేస్తున్నారు, సైన్యం చిక్కిపోయింది, వరదలూ కరువులూ దొంగలూ దేశాన్ని పీక్కుతింటున్నారు, జనం ఇళ్ళు ఊడ్చుకుపోయి ఉన్నాయి. తమరు సరిగ్గా లేరని ఈ దేశ ప్రజలు అనుకోబట్టి చాలాకాలమైంది.

నాకు ఇందులో దివ్యఫలాల ముక్క అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. రాజును రాక్షసుడు అనడం ఒక రకం ధైర్యం. కానీ ఇరవై ఏళ్ళుగా మహామంత్రులు సైతం కళ్ళకద్దుకుంటున్న అబద్ధాన్ని, పండు ఎవరు కోశారు అని పిల్లవాడు అడిగినట్టు అడగడానికి ఇంకో రకం ధైర్యం కావాలి. ఆ ప్రశ్నకు దర్బారులో ఎవరి దగ్గరా జవాబు లేదు.

చదివిన చక్రవర్తి కాగితాన్ని నేలకేసి కొట్టాడు. వాణ్ణి పట్టుకోండి, పారిపోనివ్వకండి అని అరిచాడు. పక్కనే హువాంగ్ జిన్ అనే అంతఃపుర సేవకుడు ఉన్నాడు. ఆయన మెల్లగా, ఈ మనిషికి ఎప్పటి నుంచో పిచ్చివాడని పేరండీ, ఇది పంపితే చావు తప్పదని తెలిసి ముందే శవపేటిక కొనుక్కున్నాడట, ఇంటివాళ్ళ దగ్గర సెలవు తీసుకున్నాడట, పనివాళ్ళంతా పారిపోయారట, ఆయన మాత్రం పారిపోడు అన్నాడు.

చక్రవర్తి మాట్లాడలేదు. కాసేపటికి కిందపడ్డ కాగితాన్ని మళ్ళీ తీసుకున్నాడు. ఆ రోజు దాన్ని పలుమార్లు చదివాడు. నిట్టూర్చాడు. నెలల తరబడి దగ్గరే ఉంచుకున్నాడు. చైనా పురాగాథల్లో బీ గాన్ అనే మంత్రి ఉన్నాడు, మంచి చెప్పినందుకు జోవ్ అనే దుష్టరాజు ఆయన గుండె చీల్చాడు. జ్యాజింగ్ అన్నాడట, ఇతను బీ గాన్ లాంటివాడే, కానీ నేను జోవ్ రాజును కాను అని. ఆ తర్వాత జబ్బుపడి చిరాకెత్తినప్పుడు హై రుయ్‌ను ఖైదులో వేయించాడు. తండ్రిని తిట్టిన కొడుకుకు పడే శిక్షే ఇతనికీ పడాలని, ఉరి తీయాలని న్యాయశాఖ తేల్చింది. ప్రధానమంత్రి షూ జ్యే లోపల్లోపల చక్రవర్తి కోపం చల్లారుస్తూ వచ్చాడు. హై రుయ్‌ను వదిలేయమని అర్జీ పెట్టుకున్న హె యీషాంగ్ అనే చిన్న ఉద్యోగి నూరు కర్రదెబ్బలు తిని తానూ ఖైదుకు వెళ్ళాడు. ఉరిశిక్ష కాగితం మాత్రం చక్రవర్తి దగ్గరే ఉండిపోయింది. దాని మీద ఆయన సంతకం పెట్టలేదు.

1567 జనవరి. ఒక రోజు చెరసాల అధికారి హై రుయ్‌కు మంచి భోజనం, మద్యం పెట్టించాడు. ఉరితీసే ముందు ఖైదీకి అలా పెట్టడం ఆనవాయితీ. హై రుయ్‌కు అర్థమైంది. చలించలేదు. కడుపునిండా తిన్నాడు, తాగాడు. అప్పుడా అధికారి చెవి దగ్గరకు వచ్చి, చక్రవర్తి స్వర్గస్థులయ్యారు, తమరు ఇక విడుదలవుతారు, మళ్ళీ పెద్ద ఉద్యోగం వస్తుంది అని చెప్పాడు. హై రుయ్, నిజమేనా అని అడిగాడు. నిజమే అనగానే గుండెలు బాదుకుని ఏడ్చాడు. తిన్నదంతా కక్కుకున్నాడు. నేలమీద పడి రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ ఏడుపులో నటన ఉందని నేననుకోను. ఆ చెరసాల అధికారి తప్ప అక్కడ చూసేవాళ్ళు లేరు, మెచ్చుకోవాల్సిన చక్రవర్తీ లేడు. ఆయన రాసిన ప్రతి కఠినమైన మాటా ఆ మనిషి బాగుపడతాడనే రాశాడు. మారే అవకాశం ఇక లేదని తెలిసి ఏడ్చాడు. రాజును ద్వేషించేవాడికీ, రాజుకు నిజం చెప్పేవాడికీ ఉన్న తేడా అంతా ఆ రాత్రిలో ఉంది. ఆ తేడా జ్యాజింగ్‌కు కూడా తెలుసు. మూఢుడైనా, క్రూరుడైనా, ఆ ఒక్కటీ తెలుసు. అందుకే కాగితం మీద సంతకం పడలేదు.

తర్వాతి కథ తొందరగా చెబుతాను. 1569లో హై రుయ్‌ను సూజౌ చుట్టుపక్కల సంపన్న ప్రాంతానికి గవర్నరుగా పంపారు. ఆయన వస్తున్నాడని విని లంచగొండి అధికారులు ముందే రాజీనామాలు ఇచ్చిపోయారు. ఎర్ర రంగు వేయించుకున్న వైభవపు తలుపులకు ధనికులు రాత్రికి రాత్రి నల్లరంగు పూయించారు. ఆయన వూసోంగ్ నది పూడిక తీయించాడు, పేదల నుంచి పెద్దలు గుంజుకున్న పొలాలు తిరిగి ఇప్పించడం మొదలుపెట్టాడు. ఆ జిల్లాల్లో అందరికంటే ఎక్కువ భూములు పోగేసిన కుటుంబం ఎవరిదో తెలుసా? పదవీ విరమణ చేసి ఇంటికొచ్చిన షూ జ్యేది. హై రుయ్ ప్రాణం కాపాడిన షూ జ్యేది. హై రుయ్ ఆయన్నీ వదల్లేదు, పొలాలు వాపసు ఇవ్వమన్నాడు. ఏడాది తిరక్కముందే పదవి ఊడింది. 1570లో హైనాన్ వెళ్ళిపోయి పదిహేనేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. చట్టం తప్ప దయ ఎరగని మనిషి. 1585లో ముసలితనంలో మళ్ళీ పిలిపించి నాన్‌జింగ్‌లో పదవి ఇస్తే, లంచం తిన్నవాడి చర్మం ఒలిచి గడ్డి కూరేవారు మన తొలి చక్రవర్తి కాలంలో, అలాంటి శిక్షలుంటే తప్ప లాభం లేదు అని రాశాడు. చదివినవాళ్ళు హడలిపోయారు. తోటివాళ్ళకు ఆయనతో కలిసి పనిచేయడం నరకం. కానీ 1587లో ఆయన చనిపోతే, ఇంట్లోకి వెళ్ళి చూసిన అధికారికి ముతక నారగుడ్డ తెరలూ, విరిగిన వెదురు బుట్టలూ కనిపించాయి. పేద చదువరి కూడా అలా బతకడని ఆ అధికారి ఏడ్చేశాడు. తలకొంత వేసుకుని ఖననం ఖర్చు సమకూర్చారు. కొడుకులు బతికి లేరు. శవాన్ని తీసుకెళ్ళే పడవ నదిలో కదులుతుంటే తెల్లబట్టలు కట్టుకున్న జనం రెండు గట్ల వెంబడీ నిలబడి ఏడ్చారు. నాన్‌జింగ్ దుకాణాలు మూసేశారు. తర్వాతి శతాబ్దాల్లో నాటకాలవాళ్ళు ఆయన్ని మరవలేదు. చైనాలో నిజాయితీగల అధికారి అంటే గుర్తొచ్చే వేషాల్లో హై రుయ్ వేషం ఒకటి.

అలా ఒక నాటకంలోనే, 1959 ఏప్రిల్ ప్రాంతంలో, కమ్యూనిస్టు చైనా నాయకుడు మావో సే టుంగ్ ఆయన్ని చూశాడు. మావో సొంత రాష్ట్రం హునాన్ వాళ్ళ నాటకం అది. అప్పటికి చైనాలో, ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచాలని మావో మొదలుపెట్టిన గ్రేట్ లీప్ ఉద్యమం నడుస్తోంది. పండని ధాన్యం పండినట్టు ఊరూరి నుంచీ దొంగ లెక్కలు వస్తున్నాయి. ఆ లెక్కలు నమ్మి ధాన్యం సేకరించడంతో పల్లెలు ఆకలిలో పడుతున్నాయి. నిజం చెప్పేవాళ్ళు లేరని మావోకే అనిపించింది. చక్రవర్తికి ఎదురు చెప్పిన హై రుయ్ ధైర్యం మన కార్యకర్తలు నేర్చుకోవాలి అన్నాడు.

పై నుంచి వచ్చిన ఆ మాట బీజింగ్ ఉప మేయర్ వూ హాన్‌కు అందింది. మింగ్ రాజుల చరిత్రలో ఆయన పేరున్న పండితుడు. హై రుయ్ గురించి రాయమన్నారు, రాశాడు. హై రుయ్ చక్రవర్తిని నిలదీసిన కథ మారుపేరుతో 1959 జూన్‌లో పీపుల్స్ డైలీలో వచ్చింది.

నెల తిరక్కుండానే, జులైలో, లూషాన్ కొండ మీద పార్టీ సమావేశంలో రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ మావోకు ఒక ఉత్తరం రాశాడు. గ్రేట్ లీప్‌లో జరుగుతున్న తప్పులు అందులో చెప్పాడు. హై రుయ్‌లు కావాలన్న నాయకుడికి ఒక హై రుయ్ దొరికాడు. ఆయన్ని పార్టీ వ్యతిరేకి అన్నారు, పదవి తీసేశారు. వూ హాన్ బెదిరిపోయాడు. సెప్టెంబర్‌లో మరో వ్యాసం రాస్తూ, తాము హై రుయ్‌లమని చెప్పుకునే మితవాద అవకాశవాదులు నిజమైన హై రుయ్‌లు కారని చివర్లో చేర్చాడు. ఆయన నోరున్న మనిషి కాడు. రెండేళ్ళ కిందట తోటి మేధావులను మితవాదులని పార్టీ తిట్టిస్తే తానూ గొంతు కలిపినవాడు. తర్వాత పెకింగ్ ఒపేరా మహానటుడు మా లియన్‌లియాంగ్ అడిగితే, హై రుయ్ పదవి పోగొట్టుకున్న కథను నాటకంగా రాశాడు. ఏడుసార్లు తిరగరాశాడు. 1961లో అది బీజింగ్‌లో ఆడింది. నాటకంలో ఉన్నది షూ జ్యే భూముల గొడవ. చక్రవర్తి ప్రసక్తి కూడా అంతగా లేదు.

నాలుగేళ్ళు బహిరంగంగా ఎవరూ ఏమీ అనలేదు. 1965 నవంబర్ 10న షాంఘై పత్రికలో యావో వెన్‌యువాన్ అనే విమర్శకుడి వ్యాసం వచ్చింది. ఆ నాటకం విషపు మొక్క అన్నాడు. పొలాలు వాపసు ఇవ్వడమంటే ఉమ్మడి సేద్యపు కమ్యూన్లు రద్దు చేయమనడమే అన్నాడు. డిసెంబర్‌లో మావో అసలు సంగతి తేల్చేశాడు: జ్యాజింగ్ హై రుయ్‌ను పదవి నుంచి తీసేశాడు, మనం 1959లో పెంగ్ దెహువాయ్‌ను తీసేశాం, పెంగ్ దెహువాయ్ కూడా హై రుయే అని. చరిత్ర చూస్తే జ్యాజింగ్ హై రుయ్‌ను పదవి నుంచి తీయలేదు. తీసేసింది తర్వాతి చక్రవర్తి కాలంలో. ఆ తప్పు దిద్దగల చరిత్రకారుడు వూ హాన్. దిద్దే స్థితిలో ఆయన లేడు.

యావో రాసిన ఆ వ్యాసంతోనే, మావో నడిపిన సాంస్కృతిక విప్లవానికి తెర లేచింది. హై రుయ్ వేషం కట్టిన మా లియన్‌లియాంగ్ 1966 డిసెంబర్‌లో పోయాడు. హైనాన్‌లో హై రుయ్ సమాధిని ఆ ఏడే, ఆ విప్లవపు యువదళాలైన రెడ్ గార్డులు పగలగొట్టారు. నాలుగు శతాబ్దాల నాటి మృతుణ్ణి కూడా వదల్లేదు. పెంగ్ దెహువాయ్ నిర్బంధంలోనే 1974లో కన్నుమూశాడు. వూ హాన్‌ను బహిరంగ సభల్లో నిలబెట్టి కొట్టారు, 1968లో జైలుకు పంపారు. ఆయన మీద విచారణ జరగలేదు, తీర్పు రాలేదు. మరుసటి ఏడు మార్చిలో ఆయన భార్య చనిపోయింది. పెంపుడు కూతుర్ని తర్వాత జైల్లో పెట్టారు, 1976లో ఆత్మహత్య చేసుకుంది. 1979లో వూ హాన్ తప్పేమీ లేదని ప్రభుత్వం ప్రకటించింది.

చక్రవర్తిని ముఖాన అడిగేసిన హై రుయ్ ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళు బతికి, డెబ్భై మూడో ఏట, ఉద్యోగంలో ఉండగా సహజంగా మరణించాడు. పాలకుడు అడిగితే హై రుయ్ గురించి రాసిన వూ హాన్ 1969 అక్టోబర్‌లో, అరవయ్యో ఏట, బీజింగ్ జైల్లో చచ్చిపోయాడు.